అక్రాలో ఎన్‌క్రుమా సమాధి పార్కు: మూడు చోట్లు మారిన భౌతికకాయం, తల లేని విగ్రహం

శీను_టెమా | శనివారం, ఉదయం 9:12

అందరికీ నమస్తే. నేను ఘనాలో టెమాలో ఉంటున్నాను. వచ్చే నెల మా నాన్నగారు వస్తున్నారు. ఆయన రిటైర్డ్ సోషల్ మాస్టారు. బీచ్ చూపిస్తా, మార్కెట్ చూపిస్తా అంటే వినలేదు. "ముందు క్వామే ఎన్‌క్రుమా సమాధి దగ్గరికి తీసుకెళ్లు, మిగతావి తర్వాత చూద్దాం" అని ఫోన్‌లోనే చెప్పేశారు.

రాజధాని అక్రాలో హై స్ట్రీట్ మీదుగా పోతూ బయటినుంచి చూడటమే గానీ లోపలికి ఎప్పుడూ వెళ్లలేదు. ఆయన పక్కన నిలబడి పరీక్ష పెట్టినట్టు ప్రశ్నలు వేస్తారు. నాకు తెలిసిందల్లా "ఘనా తొలి అధ్యక్షుడు, ఆఫ్రికాలో మొట్టమొదట స్వాతంత్ర్యం తెచ్చినాయన" అన్నంత వరకే. ఆ పార్కు వెనక కథ తెలిసినవాళ్లు కాస్త చెబుతారా? గేటు దగ్గర బోర్డు మీద రాసేది కాకుండా అసలు సంగతులు కావాలి.

పాతపేపర్ల_పరమేశం | శనివారం, ఉదయం 9:40

ముందు ఒకటి సరిచేసుకుని వెళ్లండి, లేకపోతే మీ నాన్నగారి దగ్గర మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. ఆఫ్రికాలో మొట్టమొదట స్వాతంత్ర్యం వచ్చింది ఘనాకు కాదు. లిబియాకు 1951లో వచ్చింది. సూడాన్, మొరాకో, ట్యునీషియాలకు 1956లో. ఘనాకు 1957 మార్చి 6న. సహారాకు దక్షిణాన, నల్లజాతి వాళ్ల బ్రిటిష్ వలసల్లో ముందు విముక్తి పొందింది ఇదే కాబట్టి అంత పేరు. ఆ రోజు వేడుకకు మార్టిన్ లూథర్ కింగ్ వచ్చాడు, అమెరికా ఉపాధ్యక్షుడుగా ఉన్న నిక్సన్ వచ్చాడు. అక్కడ నిక్సన్ ఒక నల్లాయన భుజం తట్టి "స్వేచ్ఛ ఎలా ఉంది?" అనడిగితే, "నాకేం తెలుసు సార్, నాది అలబామా" (అమెరికాలో అప్పట్లో నల్లవాళ్లపై వివక్ష ఉన్న రాష్ట్రం) అన్నాడని ఓ కథ బాగా తిరుగుతుంది.

శ్రీవల్లి_అక్రా | శనివారం, ఉదయం 10:25

శీను గారూ, మేం అక్రా వచ్చి చాలా ఏళ్లయింది. ఇండియా నుంచి ఎవరొచ్చినా నేనే గైడ్‌ని, కాబట్టి ఇది నా సబ్జెక్ట్ అనుకోండి.

అసలు ఆ స్థలం ఎంపికలోనే కథంతా ఉంది. అది బ్రిటిష్ వాళ్ల పాత పోలో గ్రౌండ్. గుర్రాలెక్కి దొరలు ఆడుకునే చోటు. ఆఫ్రికన్లకు అందులో అడుగు పెట్టే అర్హతే ఉండేది కాదని అక్కడి గైడ్లు చెబుతారు. ఎదురుగా పాత పార్లమెంటు భవనం, వెనక సముద్రం. 1957 మార్చి 5 అర్ధరాత్రి ఆ మైదానంలోనే చెక్క వేదిక ఎక్కి ఎన్‌క్రుమా స్వాతంత్ర్యం ప్రకటించాడు. ఘనా స్వాతంత్ర్యం ఆఫ్రికా ఖండం మొత్తం విముక్తితో ముడిపడకపోతే దానికి అర్థం లేదన్న ప్రసిద్ధమైన మాట ఆ రాత్రిదే.

ఆ రాత్రి ఫొటో ఒకటి అక్కడ కనిపిస్తుంది, జాగ్రత్తగా చూడమనండి. వేదిక మీద ఆయనా, సహచరులూ సూట్లు వేసుకోలేదు. ఉత్తర ఘనాలో రైతులు వేసుకునే చేనేత చొక్కాలు, వాటిని ఫుగు అంటారు, అవి వేసుకున్నారు. తల మీద టోపీలు. ఆ టోపీల మీద పి.జి. అని రెండక్షరాలు. పోస్ట్ గ్రాడ్యుయేట్ అనుకునేరు! ప్రిజన్ గ్రాడ్యుయేట్ అని. జైలుకెళ్లి వచ్చినవాళ్లు గర్వంగా పెట్టుకున్న డిగ్రీ అది. ఎన్‌క్రుమా ఆ డిగ్రీ చేసింది కూడా దగ్గర్లోనే, జేమ్స్ ఫోర్ట్‌లో. సముద్రం పక్కన అదే రోడ్డు పట్టుకుని వెళ్తే వస్తుంది. 1951లో ఆ జైల్లో ఉండగానే ఎన్నికల్లో గెలిచాడు. గవర్నర్ విడిచిపెట్టక తప్పలేదు.

ఇప్పుడు ఆయన కంచు విగ్రహం నిలబెట్టింది సరిగ్గా ఆ ప్రకటన చేసిన చోటేనని అంటారు. కుడి చెయ్యి ముందుకు చాచి, అడుగు వేస్తున్నట్టు ఉంటుంది. దాని వెనకాల సమాధి మందిరం.

రాయలసీమ_రఘు | శనివారం, ఉదయం 11:03

శ్రీవల్లి అక్కా, ఆ మందిరం ఆకారం ఏంటక్కా? ఫొటోల్లో చూస్తే నాకేమీ అర్థం కాలేదు. కూలింగ్ టవరా అనిపించింది.

శ్రీవల్లి_అక్రా | శనివారం, ఉదయం 11:30

రఘూ, ఆ మాట అక్కడ అనకు తమ్ముడూ 😄

డిజైన్ చేసింది డాన్ ఆర్థర్ అని ఘనా ఆర్కిటెక్టే. తలకిందులుగా నిలబెట్టిన కత్తులు అవి. ఘనాలోని అకాన్ జాతి సంప్రదాయంలో కత్తి మొన కిందికి ఉంటే శాంతి అని అర్థం. ఇంకో వివరణ కూడా చెబుతారు: నరికేసిన చెట్టు మొద్దు అని. ఆయన తలపెట్టిన పనులు మధ్యలో తెగిపోయాయి కదా, దానికి గుర్తుగా. నాకైతే రెండోదే బాగా నచ్చుతుంది, దగ్గర నిలబడి చూస్తే మొద్దులాగే ఉంటుంది కూడా. పైనుంచి కింద దాకా ఇటాలియన్ మార్బుల్. శిఖరం మీద నల్ల నక్షత్రం, ఘనా జెండాలో ఉంటుందే అది.

లోపలికెళ్తే చాలా తక్కువ సామాను. పాలరాతి నేల, మధ్యలో సమాధి, చుట్టూ నది గులకరాళ్లు పోశారు. గుండ్రటి నున్నటి రాళ్లు. కప్పులో ఒక కంత ఉంది, అక్కణ్ణుంచి వెలుతురు సూటిగా సమాధి మీద పడుతుంది. మధ్యాహ్నం పూట వెళ్తే ఆ వెలుగు బాగా తెలుస్తుంది. కాకపోతే మధ్యాహ్నం అక్రా ఎండ మీకు తెలుసుగా శీను గారూ, గొడుగు మర్చిపోకండి.

బయట దారికి రెండు వైపులా నీళ్ల కొలనులు, వాటిలో మోకాళ్ల మీద కూర్చుని కొమ్ములూదే వాళ్ల విగ్రహాలు. ఒక్కో వైపు ఏడుగురు. రాజుగారు వస్తుంటే ఊదేవాళ్లన్నమాట. చొక్కాలుండవు, బుగ్గలు ఉబ్బించి ఊదుతుంటారు. పిల్లలు అక్కడే ఆగిపోతారు.

మాస్టారు_ఒంగోలు | శనివారం, మధ్యాహ్నం 1:15

శ్రీవల్లి గారు స్థలం గురించి చక్కగా చెప్పారు. నేను మనిషి గురించి చెబుతాను. ఆ సమాధి 1992లో కట్టింది. ఆయన పోయింది 1972లో. ఈ మధ్య ఇరవై ఏళ్లు ఆ భౌతికకాయం ఎక్కడుంది అన్నది అసలు చరిత్ర.

1966 ఫిబ్రవరి 24న సైన్యం, పోలీసులు కలిసి ఆయన్ను దించేశారు. అప్పుడాయన దేశంలో లేడు. వియత్నాం యుద్ధం ఆపే రాయబారం పెట్టుకుని హనోయ్‌కి బయల్దేరాడు, చైనా చేరాక కబురు తెలిసింది. ఇక మళ్లీ ప్రాణంతో ఘనాలో అడుగు పెట్టలేదు. గినీ అధ్యక్షుడు సెకూ టూరే కొనాక్రీకి పిలిచి, ఏకంగా తనతో పాటు సహాధ్యక్షుడు అని ప్రకటించాడు. ఒక దేశం దించేసిన అధ్యక్షుణ్ణి ఇంకో దేశం పిలిచి తన కుర్చీలో సగం ఇవ్వడం ప్రపంచ చరిత్రలో ఇంకెక్కడైనా ఉందేమో, నాకైతే తట్టడం లేదు.

చివరికి క్యాన్సర్ ముదిరి, వైద్యానికి రుమేనియా వెళ్లి, 1972 ఏప్రిల్ 27న బుకారెస్ట్‌లో కన్నుమూశాడు. సెకూ టూరే శవాన్ని కొనాక్రీకి తెప్పించి రాజలాంఛనాలతో అంత్యక్రియలు చేశాడు. ఆ సభలో గినీ బిసావు విముక్తి నాయకుడు అమిల్కర్ కాబ్రల్ మాట్లాడుతూ, ఎన్‌క్రుమాను చంపింది ఒంట్లో వచ్చిన క్యాన్సర్ కాదు, నమ్మకద్రోహమనే క్యాన్సర్ అన్నాడు. ఆ మాటన్న ఏడాది లోపే, 1973 జనవరిలో, అదే కొనాక్రీలో కాబ్రల్‌ను సొంత పార్టీ మనుషులే కాల్చి చంపారు.

ఇప్పుడు ఘనా వైపు చూడండి. 1971లో ప్రధాని బుసియా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఎన్‌క్రుమా ఫొటో ప్రదర్శించినా, ఆయన పార్టీ నినాదాలు ఇచ్చినా నేరం. ఆయన్ను దించేసి అప్పటికే ఐదేళ్లయింది, మనిషి పరాయి దేశంలో గులాబీ మొక్కలు పెంచుకుంటూ పుస్తకాలు రాసుకుంటున్నాడు, ఐనా ఫొటో అంటేనే భయం. ఆ తర్వాత కొద్ది నెలలకే, 1972 జనవరిలో, బుసియాను కల్నల్ అచెంపాంగ్ దించేశాడు. ఏప్రిల్‌లో ఎన్‌క్రుమా చనిపోగానే ఇదే అచెంపాంగ్ శవం మాకివ్వండి అని గినీని అడగడం మొదలుపెట్టాడు. సెకూ టూరే తేలిగ్గా ఇవ్వలేదు. ఆయన మీద వేసిన నిందలన్నీ తీసేయాలి, దేశాధినేతకు చేసే మర్యాదలన్నీ చేయాలి అని షరతులు పెట్టాడు. కొన్ని వారాల బేరసారాల తర్వాత జులై 7న శవపేటిక అక్రాలో దిగింది. రెండ్రోజులకు సొంతూరు ఎన్‌క్రోఫుల్‌లో సమాధి చేశారు. తల్లి న్యానిబా అప్పటికి బతికే ఉంది, చూపు పోయింది. ఒక్కగానొక్క కొడుకు. పేటికను చేత్తో తడిమి చూసుకుందట.

అక్కణ్ణుంచి మళ్లీ ఇరవై ఏళ్లకు, సైనిక పాలకుడు రాలింగ్స్ హయాంలో, 1992 జులై 1న అక్రా సమాధి మందిరం ప్రారంభమైంది. ఆ తారీకు కూడా ఊరికే పెట్టింది కాదు. ఘనా రిపబ్లిక్ అయింది 1960 జులై 1న.

విశాఖ_వేణు | శనివారం, మధ్యాహ్నం 2:02

మాస్టారూ, రాలింగ్స్ కూడా తుపాకీతో వచ్చినవాడే కదా. ఒక సైనికుడు దించేస్తాడు, ఇంకొకడు శవం తెస్తాడు, మూడోవాడు గుడి కడతాడు. ఎన్నికలు పెట్టబోతున్న సంవత్సరంలో సమాధి ప్రారంభించడం యాదృచ్ఛికమా?

మాస్టారు_ఒంగోలు | శనివారం, మధ్యాహ్నం 2:20

వేణూ, 1992 ఏప్రిల్‌లో కొత్త రాజ్యాంగానికి రెఫరెండం, జులైలో సమాధి, నవంబరులో అధ్యక్ష ఎన్నిక. వరస ఇది. మిగతాది నీ ఊహకే వదిలేస్తున్నా.

పాతపేపర్ల_పరమేశం | శనివారం, సాయంత్రం 4:48

అందరూ సమాధి గురించే మాట్లాడుతున్నారు, ఆ ఆవరణలో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది వెనక వైపు ఉన్న తల లేని విగ్రహం.

దాని కథ ఇది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పార్లమెంటు భవనం ముందు ఎన్‌క్రుమా కంచు విగ్రహం పెట్టారు. చేసింది ఇటలీ శిల్పి కటాడెల్లా. బతికుండగానే, అధికారంలో ఉండగానే, తన పార్లమెంటు ముందు తన విగ్రహం! కింద దిమ్మె మీద బైబిల్ వాక్యాన్ని తిప్పి రాయించారు: ముందు రాజకీయ రాజ్యాన్ని వెతకండి, మిగతావన్నీ మీకు వచ్చి చేరతాయి అని. క్రైస్తవులకు ఒళ్లు మండింది. 1961 నవంబరులో ఎలిజబెత్ రాణి రాక ముందు అక్రాలో బాంబులు పేలాయి, వాటిలో ఒకటి ఈ విగ్రహం దగ్గరే. రాణిని పంపాలా వద్దా అని లండన్‌లో పెద్ద టెన్షన్. ఆమె వచ్చింది, ఎన్‌క్రుమాతో డాన్స్ కూడా చేసింది.

1966 కుట్ర రోజున ఆ విగ్రహాన్ని పడగొట్టారు. తల ఊడదీశారు, చెయ్యి విరిగింది. జనం దాని మీదెక్కి తొక్కుతున్న ఫొటోలు ప్రపంచమంతా వచ్చాయి. ఆ తల మాత్రం ఎవరో పట్టుకెళ్లి దాచారు. నలభై ఏళ్లు దాటాక, ఎన్‌క్రుమా శతజయంతి ఏడాది 2009లో, అది తిరిగి వచ్చింది. ఇప్పుడు మొండెం ఒక దిమ్మె మీద, తల పక్కన ఇంకో చిన్న దిమ్మె మీద.

రెండూ దొరికాయి కదా, అతికించొచ్చు. అతికించలేదు. ఆ పని చేసినవాళ్లకు నా దండం. కొత్త విగ్రహం ఆయన ఏమనుకున్నాడో చెబుతుంది, పాతది జనం ఏం చేశారో చెబుతుంది. మీ నాన్నగారిని అక్కడ కాసేపు కూర్చోనివ్వండి శీను గారూ.

రాయలసీమ_రఘు | శనివారం, సాయంత్రం 5:10

అన్నా, జనం తొక్కారంటున్నావు, మళ్లీ అదే జనం సమాధికి దండలేస్తున్నారు. అంత కోపం ఎందుకొచ్చింది అప్పుడు?

పాతపేపర్ల_పరమేశం | శనివారం, సాయంత్రం 5:55

కోపానికి కారణాలు లేకపోలేదు రఘూ. 1958లో ముందస్తు నిర్బంధ చట్టం తెచ్చాడు, విచారణ లేకుండా ఐదేళ్లు లోపల వేయొచ్చు. జె.బి. డాంక్వా అని, స్వాతంత్ర్యోద్యమంలో పెద్ద లాయరు, ఎన్‌క్రుమాను విదేశాల నుంచి పిలిపించిన పార్టీ నాయకుల్లో ఒకడు. ఆయన 1965 ఫిబ్రవరిలో ఎన్సావం జైల్లో చనిపోయాడు. 1964లో రెఫరెండం పెట్టి ఒకే పార్టీ రాజ్యం చేశాడు. 99 శాతానికి పైగా అవునన్నారట! పైగా కోకో ధర పడిపోయింది. దేశం బతికేదే కోకో మీద. దుకాణాల్లో పాలడబ్బాలు, చక్కెర దొరక్క క్యూలు.

ఇంకోవైపు అకొసొంబో డ్యాం కట్టాడు, టెమా రేవు కట్టాడు. శీను గారు జీతం తీసుకుంటున్న ఊరు ఎన్‌క్రుమా ప్లాను గీయించి కట్టించిందే. స్కూళ్లు, ఉచిత చదువు. ఆయన పోయాక వచ్చినవాళ్లు ఏం ఉద్ధరించారు అన్న లెక్క జనం మెల్లగా వేసుకున్నారు.

కాకినాడ_లక్ష్మి | శనివారం, సాయంత్రం 6:31

ఒక చిన్న ప్రశ్న. ఆయన భార్యది కూడా అక్కడే సమాధి అని ఎక్కడో చదివాను. ఆవిడ ఈజిప్ట్ ఆవిడ కదా?

శ్రీవల్లి_అక్రా | శనివారం, రాత్రి 8:14

అవును లక్ష్మి గారూ. ఫాతియా. కైరో అమ్మాయి, కాప్టిక్ క్రైస్తవ కుటుంబం. 1957 డిసెంబరు చివర్లో పెళ్లయింది. ఆయనకు అరబిక్ రాదు, ఆవిడకు అప్పటికి ఇంగ్లిష్ రాదు. ఘనా ఆడవాళ్లు మొదట్లో మొహం చిట్లించుకున్నారు, మనవాళ్లలో పిల్ల దొరకలేదా అని. తర్వాత ఆవిడ ఘనా సంప్రదాయ చేనేత కెంటే బట్ట కట్టుకుని తిరగడం మొదలుపెట్టాక బాగా దగ్గరైంది. ఇప్పటికీ ఒక కెంటే నేతకు ఆవిడ పేరే ఉంది.

కుట్ర జరిగిన రోజు ఆవిడ, ముగ్గురు చిన్న పిల్లలు అక్రాలోనే ఉన్నారు. ఈజిప్ట్ రాయబార కార్యాలయం సాయంతో కైరో చేరారు, అక్కడి అధ్యక్షుడు నాసర్ ఆదుకున్నాడు. మొగుడూ పెళ్లాలు మళ్లీ కలుసుకోలేదు. ఆరేళ్లు ఆయన కొనాక్రీలో, ఆవిడ కైరోలో. 2007లో ఆవిడ కైరోలో చనిపోతే ఘనా ప్రభుత్వం తీసుకొచ్చి ఆయన పక్కన సమాధి చేసింది. ఆయన పార్థివదేహం ఊళ్లు తిరగడం గురించి మాస్టారు రాశారు గానీ, నాకు అక్కడికెళ్లినప్పుడల్లా ఈవిడే గుర్తొస్తుంది.

లుసాకా_కిరణ్ | శనివారం, రాత్రి 9:02

జాంబియా నుంచి రాస్తున్నాను. ఇక్కడ కథ సరిగ్గా ఉల్టా. లుసాకాలో ఎంబసీ పార్క్ అని అధ్యక్షుల సమాధుల పార్కు ఉంది. మ్వనవాసా, చిలూబా, సాటా అక్కడే ఉన్నారు. 2021లో తొలి అధ్యక్షుడు కెన్నెత్ కౌండా చనిపోతే, భార్య బెట్టీ పక్కన, తన సొంత స్థలంలో సమాధి చేయమన్నాడు నాన్న, అని కుటుంబం మొత్తుకుంది. ప్రభుత్వం వినలేదు, కోర్టు మెట్లు ఎక్కినా లాభం లేదు, ఎంబసీ పార్కులోనే పెట్టారు. మాజీ అధ్యక్షుడు లుంగు 2025 జూన్‌లో దక్షిణాఫ్రికాలో చనిపోతే కుటుంబానికీ ప్రభుత్వానికీ పెద్ద గొడవ, శవం అక్కడే ఆగిపోయి కోర్టులకెక్కింది. ఇక్కడ ఆఫీసుల్లో నెలల తరబడి ఇదే ముచ్చట. శవం ఎవరిది, కుటుంబానిదా దేశానిదా అని.

విశాఖ_వేణు | శనివారం, రాత్రి 9:20

అక్రాలో కూడా రెండో అధ్యక్ష సమాధి ఉంది కదా. అసోమ్‌డ్వీ పార్క్. 2012లో పదవిలో ఉండగానే చనిపోయిన జాన్ అట్టా మిల్స్‌ది. అక్కడ కూడా 2022లో పార్కు బాగుచేస్తామని తవ్వితే, మాకు చెప్పకుండా సమాధి జోలికి ఎలా వెళ్తారని కుటుంబం గొడవ పెట్టుకుంది.

ఇవన్నీ చదువుతుంటే మన పీవీ గారు గుర్తొస్తున్నారు. 2004లో చనిపోతే ఢిల్లీలో చోటివ్వలేదు, హైదరాబాద్ తెచ్చారు, నెక్లెస్ రోడ్డు పక్కన దహనం. ఢిల్లీలో ఏక్తాస్థల్‌లో స్మారకం వచ్చేసరికి 2015. దాని వెనక ఎవరున్నారో అందరికీ తెలుసు, నేను చెప్పక్కర్లేదు కానీ...

మోడరేటర్ | శనివారం, రాత్రి 9:27

వేణు గారూ, "కానీ" దగ్గర ఆపేయండి. మన రాజకీయాలకు వేరే దారం ఉంది. ఇక్కడ అక్రా గురించే. ఇప్పటికే రెండు పోస్టులు తీసేశాను.

విశాఖ_వేణు | శనివారం, రాత్రి 9:31

సరే సార్, మూసుకున్నా 🙏

మాస్టారు_ఒంగోలు | ఆదివారం, ఉదయం 7:05

భారతదేశంతో సంబంధం మాట ఎవరూ ఎత్తలేదు. మీ నాన్నగారు తప్పకుండా అడుగుతారు శీనూ.

అలీనోద్యమం వ్యవస్థాపకులుగా చెప్పే ఐదుగురిలో నెహ్రూ, టిటో, నాసర్, సుకర్ణోలతో పాటు ఐదోవాడు ఎన్‌క్రుమా. 1961 బెల్‌గ్రేడ్ సభ. దానికి ముందే 1958 డిసెంబరులో ఇండియా వచ్చి వెళ్లాడు. జైలుకెళ్లడానికి కారణమైన 1950 నాటి ఆయన ఉద్యమం, సమ్మెలు, బహిష్కరణలు, హింస లేకుండా, అదంతా గాంధీ దారి అని ఆయనే చెప్పుకున్నాడు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. స్వతంత్ర ఘనాకు విదేశీ గూఢచారి విభాగం కట్టిపెట్టింది మనవాళ్లే. నెహ్రూ పంపిన అధికారి ఆర్.ఎన్. కావ్. తర్వాత 1968లో మన 'రా' సంస్థను మొదలుపెట్టిన ఆ కావే. అంటే 'రా' కన్నా పదేళ్ల ముందు అక్రాలో రిహార్సల్ జరిగిందన్నమాట. ఇంత చేసినా 1966లో కుట్ర పసిగట్టలేకపోయారు, అది వేరే విషయం.

2025 జులైలో భారత ప్రధాని ఘనా వెళ్లినప్పుడు ఈ పార్కులోనే నివాళులర్పించారు. ఇప్పటి ఘనా అధ్యక్ష భవనం కట్టింది కూడా భారత ప్రభుత్వ రుణంతో, మన కంపెనీయే.

పాతపేపర్ల_పరమేశం | ఆదివారం, ఉదయం 8:12

మాస్టారూ, గాంధీ సంగతి సగమే చెప్పారు. 2016లో ప్రణబ్ ముఖర్జీ గారు వెళ్లి ఘనా యూనివర్సిటీలో గాంధీ విగ్రహం ఆవిష్కరించారు. దక్షిణాఫ్రికాలో ఉన్న తొలి రోజుల్లో నల్లవాళ్లను కించపరుస్తూ గాంధీ రాసిన రాతలు చూపించి అక్కడి ప్రొఫెసర్లు సంతకాలు సేకరించారు. 2018 డిసెంబరులో రాత్రికి రాత్రి విగ్రహం తీసేశారు. ఎన్‌క్రుమా గురువుగా చెప్పుకున్నాయన విగ్రహం ఎన్‌క్రుమా దేశంలో రెండున్నరేళ్లు నిలబడలేదు. మీరు అక్రా వెళ్తే ఇది కూడా చెప్పాల్సిందే.

మాస్టారు_ఒంగోలు | ఆదివారం, ఉదయం 8:40

చెప్పాల్సిందే పరమేశం గారూ. గాంధీ తర్వాత మారాడని నేను వాదించగలను, కానీ ఆ రాతలు ఆయన రాసినవే.

శీను_టెమా | ఆదివారం, ఉదయం 10:18

అమ్మో, ఇంత వస్తుందనుకోలేదు. అందరికీ చాలా థాంక్స్. ప్రింట్ తీసి పెట్టుకున్నాను.

ఒక డౌట్. ఇక్కడ మా ఎయిర్‌పోర్టుకు కొటోకా అని పేరుండేది. ఆఫీసులో ఓ ఘనా మిత్రుడు నవ్వుతూ, "మీ నాన్న ఎన్‌క్రుమాను చూడటానికొచ్చి కొటోకా గడపలో దిగుతాడన్నమాట" అన్నాడు. నాకు జోక్ అర్థం కాలేదు.

పాతపేపర్ల_పరమేశం | ఆదివారం, ఉదయం 10:36

ఎన్‌క్రుమాను దించేసిన 1966 కుట్రకు ముందు నిలబడ్డ సైనికాధికారుల్లో కొటోకా ఒకడు. మరుసటి ఏడాది, 1967 ఏప్రిల్‌లో, ఇంకో తిరుగుబాటు ప్రయత్నంలో కొటోకాను అక్రా విమానాశ్రయం దగ్గరే చంపేశారు. ఆ విమానాశ్రయానికే ఆయన పేరు పెట్టారు. దించేసినవాడి పేరు మీద దిగి, దిగిపోయినవాడి సమాధికి దండ వేయడానికి వెళ్లడం దశాబ్దాల పాటు అక్కడ విదేశీ అతిథులకు మామూలే. ఆ పేరు మార్చాలా వద్దా అని వాళ్లలో వాళ్లకు ఎన్నో ఏళ్లు వాదన నడిచింది.

సెలవుల మీద కూడా ఇదే తగువు. సెప్టెంబరు 21 ఎన్‌క్రుమా పుట్టినరోజు. 2009లో మిల్స్ దాన్ని దేశ నిర్మాత దినంగా సెలవు చేశాడు. డాంక్వా వారసత్వం చెప్పుకునే పార్టీ వచ్చాక 2019లో, నిర్మాత ఒక్కడు కాదు చాలామంది అని చెప్పి ఆగస్టు 4కు మార్చింది. 2025లో అధ్యక్షుడు మహామా ప్రభుత్వం మళ్లీ సెప్టెంబరు 21కి తెచ్చింది. శీను గారికి సెలవు మాత్రం ఎటైనా ఉంటుంది లెండి.

కాకినాడ_లక్ష్మి | ఆదివారం, ఉదయం 11:20

2023లో పార్కుకు పెద్ద రిపేరు చేశారని విన్నాను. పాతదే బాగుండేదా, కొత్తదా?

శ్రీవల్లి_అక్రా | ఆదివారం, మధ్యాహ్నం 12:45

2023 జులై 4న మళ్లీ తెరిచారు. ప్రపంచ బ్యాంకు డబ్బుతో నడిచిన టూరిజం ప్రాజెక్టు. మ్యూజియం పెద్దదైంది, ఆరుబయట మెట్ల వేదిక వచ్చింది, ఆయన వాడిన కాడిలాక్ కారు చక్కగా పెట్టారు, ఆయన పుస్తకాలకు ప్రత్యేకంగా చోటిచ్చారు. తెరల మీద ఆయన ప్రసంగాలు వినొచ్చు. విదేశీయులకు టికెట్ స్థానికుల కన్నా బాగా ఎక్కువ, రెసిడెన్స్ కార్డు ఉంటే వెంట తీసుకెళ్లి అడిగి చూడండి.

ప్రశ్నకు సమాధానం: కొత్తదే బాగుంది. కానీ పాత మ్యూజియంలో ఒక సుఖం ఉండేది. చిన్న గది, ఎదురుగా మనిషి, ఆయన చేత్తో చూపిస్తూ కథ చెప్పేవాడు. ఇప్పుడు బటన్ నొక్కాలి. అందుకే నా సలహా, తప్పకుండా గైడ్‌ని తీసుకోండి. చివర్లో టిప్ ఇస్తే సంతోషిస్తారు.

పక్కనే ఆర్ట్స్ సెంటర్ మార్కెట్ ఉంది. చెక్క బొమ్మలు, డోళ్లు, కెంటే బట్టలు. గేటు బయట అడుగు పెట్టగానే "మై ఫ్రెండ్, మై బ్రదర్" అంటూ చుట్టుముడతారు, మీ పేరు అడిగి ఐదు నిమిషాల్లో ఆ పేరుతో బ్రేస్‌లెట్ అల్లేసి చేతికి కట్టేస్తారు. పేరు చెప్పకండి. చెప్పిన ధరలో మూడో వంతు దగ్గర బేరం మొదలుపెట్టండి.

రాయలసీమ_రఘు | ఆదివారం, మధ్యాహ్నం 1:02

పేరు చెప్పకుండా "వెంకట సుబ్రహ్మణ్యేశ్వర శర్మ" అని చెప్పమనండి అక్కా, వాడే పారిపోతాడు 😂

మాస్టారు_ఒంగోలు | ఆదివారం, సాయంత్రం 4:30

శీనూ, మీ నాన్నగారికి ఓపిక ఉంటే ఆ రోజే డ్యూబాయిస్ ఇంటికి కూడా తీసుకెళ్లు. అమెరికా నల్లజాతి మేధావి, ఎన్‌క్రుమా పిలిస్తే తొంభై దాటిన వయసులో వచ్చి అక్రాలో స్థిరపడ్డాడు. 1963 ఆగస్టు 27న పోయాడు. మర్నాడే వాషింగ్టన్‌లో కింగ్ ప్రసంగం. ఆయన ఉన్న ఇంట్లోనే మ్యూజియం, ఆవరణలో సమాధి. జనం తక్కువ వస్తారు, తీరిగ్గా చూడొచ్చు.

శీను_టెమా | ఆదివారం, రాత్రి 8:50

నాన్నగారికి ఈ దారం లింకు పంపాను. చదివి ఒకే ప్రశ్న పంపారు: "ఎన్‌క్రోఫుల్‌లో పాత సమాధి ఇంకా ఉందా? ఉంటే అక్కడికి ఎంత దూరం?" ఎవరైనా వెళ్లారా?

శ్రీవల్లి_అక్రా | ఆదివారం, రాత్రి 9:15

ఉంది. ఖాళీ సమాధి, దాని మీద కట్టడం అలాగే ఉంచారు, పక్కనే ఆయన పుట్టిన ఇంటి స్థలం. పడమటి చివర, కోట్ డివ్వార్ సరిహద్దు వైపు. అక్రా నుంచి ఒక్కరోజులో వెళ్లి రావడం పెద్దాయనకు కష్టం. కేప్ కోస్ట్ కోట దారిలోనే పడుతుంది, అది చూసుకుని టాకోరాడిలో రాత్రి ఆగండి. మర్నాడు పొద్దున్నే బయల్దేరితే ఎన్‌క్రోఫుల్ చూసి, దగ్గర్లో నీళ్ల మీద గుంజలు పాతి కట్టుకున్న ఎన్‌జులెజో పల్లె కూడా చూడొచ్చు. పడవ దాకా వెళ్లాలి, ఆయనకు మోకాళ్ల నొప్పులుంటే పల్లె వదిలేయండి. వర్షాకాలంలో లోపలి రోడ్డు బురద, డ్రైవరును ముందే మాట్లాడుకుని ఎత్తుగా ఉండే బండి తీసుకోండి.

శీను_టెమా | ఆదివారం, రాత్రి 9:22

మోకాళ్ల నొప్పులున్నాయి, ఒప్పుకోరు. పడవ కూడా మాట్లాడి పెట్టాల్సిందే. నంబరు ఉంటే పర్సనల్ మెసేజ్‌లో పెట్టండి అక్కా.